రెండంగుళాల అబద్ధం

సూట్‌కేసు మూతపడటం లేదు.

కోడలు దాని మీదెక్కి కూర్చుంది. అయినా పడలేదు. కొడుకు నేల మీద మోకాళ్ళేసుకుని జిప్పు పట్టుకు లాగుతున్నాడు. వాడు లిఫ్టు మెకానిక్కు. పైకి పోయి ఇరుక్కున్నవాటిని కిందకి దించడమే వాడి బతుకుతెరువు. కన్నతండ్రి బీపీని మాత్రం ఎనిమిది నెలలుగా దించలేకపోయాడు. అందుకని ఇప్పుడు పెళ్ళాంతో సహా తనే ఇంట్లోంచి దిగిపోతున్నాడు.

"ఇంకొంచెం బరువు వెయ్యవే," అన్నాడు గొంతు తగ్గించి.

"ఉన్నదంతా వేశాను. చాలకపోతే మీరూ ఎక్కండి," అంది కోడలు, అంతకంటే తగ్గించి.

ఆ పిల్ల బళ్ళో డ్రిల్లు టీచరు. ఈల మర్చిపోయి వెళ్ళిన రోజు కూడా మైదానం ఈ చివర నుంచి ఆ చివరకి పిల్లల్ని నిలబెట్టగల గొంతు. అలాంటి గొంతు పెట్టుకుని ఎనిమిది నెలలుగా గుసగుసలతో కాపురం చేస్తోంది. మొగుడితో దెబ్బలాడాలన్నా గుసగుసే. ఆ మధ్య ఓ రోజు ఇద్దరూ అరగంటసేపు గుసగుసగా పోట్లాడుకుంటే, మేడమీద వాళ్ళు చూసి, "కొత్త జంటలా ఎంత ముచ్చటగా ఉన్నారో!" అని మురిసిపోయారట.

గుమ్మంలో నిలబడి చూస్తోంది కొలతలమ్మ.

వీధంతా ఆమెనలాగే పిలుస్తుంది. ముప్ఫై నాలుగేళ్ళుగా ఇంటి ముందు గదిలోని దుకాణంలో టైలర్ మాస్టారు టేపు పట్టుకుని అంకెలు చెబుతుంటే, పక్కన బల్ల దగ్గర కూర్చుని వాటిని పుస్తకంలోకి ఎక్కించింది ఆవిడే. మాస్టారు ఆవిడ మొగుడు. అంకెలు చెప్పగా చెప్పగా, రాయగా రాయగా ఏడడుగుల దాకా వచ్చిన మొగుడు.

"పోవాల్సిందేనా?" అంది.

"ఎంత దూరమత్తయ్యా, మా బడి పక్కనే కదా. రెండు గదులు. పొద్దున్నోసారి, సాయంత్రమోసారి వచ్చి చూసి పోతాం," అంది కోడలు.

"చూసిపోయే వాళ్ళని చుట్టాలంటారు."

కోడలు సూట్‌కేసు మీంచి దిగింది. కొడుకు జిప్పు వదిలేసి లేచాడు.

"అమ్మా, డాక్టరుగారన్న మాట నువ్వూ విన్నావు. ఆస్పత్రిలో చూస్తే నాన్న బీపీ తక్కువ. ఇంట్లో నువ్వు రాసిన పుస్తకం చూస్తే ఎక్కువ. అంటే అర్థమేంటి? ఈ ఇంట్లోనే ఏదో ఉంది. ఏముంది ఈ ఇంట్లో? మేమున్నాం. టీవీ కట్టేశాం. కాలింగ్ బెల్లు వైరు పీకేశాం. ఇది గొంతు పీక్కుపోయేదాకా గుసగుసలాడింది. అయినా మాత్రలు ఒకటి రెండయ్యాయి, రెండు నాలుగయ్యాయి, అంకె మాత్రం దిగలేదు. గురువారం మళ్ళీ ఆపరేషనంటున్నారు. మేం కాస్త తప్పుకుంటే అంకె దిగుతుందేమో. ఆ ఒక్క ఆశతోనే."

"అత్తాకోడళ్ళ పోరు లేని ఇంట్లో రక్తపోటు ఎలా వచ్చిందో!" అంది కొలతలమ్మ.

నవ్విద్దామని అంది. ఎవరూ నవ్వలేదు. ఆవిడకీ నవ్వు రాలేదు.

ఒకప్పుడు ఈ ఇంట్లో నవ్వులకి కొదవుండేది కాదు.

తొమ్మిది నెలల కిందట మాస్టారికి గుండెలోంచి పైకి లేచే పెద్ద రక్తనాళం బుడగలా ఉబ్బిందని, ఉబ్బిన ముక్క కత్తిరించి పారేసి, ఆ చోట గుడ్డతో నేసిన గొట్టం పెట్టి కుట్టారు. గుండీలు కుట్టినాయనకి గుండె దగ్గర కుట్టాల్సొచ్చింది. తెలివి వచ్చిన రెండో రోజునే మాస్టారు సర్జనుగారిని పట్టుకున్నాడు.

"గుడ్డంటే ఏం గుడ్డండీ?"

"పాలిస్టరండీ."

"కాటను దొరకలేదా?"

సర్జనుగారికి నవ్వొచ్చింది. మాస్టారికి రాలేదు. అది ఆయన వృత్తిగత సందేహం.

"పోనీండి, ముడతలు పడవు. ఒంటి కుట్టా, జంట కుట్టా?"

"గట్టి కుట్టే మాస్టారూ. మీ కుట్టంత నాజూకుగా లేకపోయినా, ఊడదు."

"ఊడదని మేమూ చెబుతాం లెండి కస్టమర్లకి," అన్నాడు మాస్టారు.

ఆ వార్డంతా నవ్వింది. పక్క మంచం మీదాయన నవ్వి కుట్లు పట్టుకుని, "బాబ్బాబూ, నవ్వించకండి, నావీ కొత్త కుట్లే!" అని మొత్తుకున్నాడు. ఇంటికి పంపేటప్పుడు సర్జనుగారు ఒకే ఒక్క మాట చెప్పారు. పైన వేసిన అతుకు బ్రహ్మాండంగా ఉంది. కింద, కడుపు వైపు దిగే నాళం కూడా కొద్దిగా ఉబ్బింది. రక్తపోటు అదుపులో ఉంటే దాన్ని ముట్టుకునే పనుండదు. పెరుగుతూ పోతే మాత్రం అక్కడా ఇంకో గొట్టం వెయ్యాలి. రోజూ రెండుసార్లు మిషను పెట్టి చూసుకోండి, పైఅంకె పుస్తకంలో రాయండి.

చూడటం మాస్టారు, రాయడం కొలతలమ్మ. ఇంకెవరున్నారు!

* * *

మాస్టారు ముందు గదిలో, కటింగు బల్ల పక్కన వాలుకుర్చీలో కూర్చుని ఉన్నాడు. నిన్న అదే బల్ల దగ్గర, కోటు గుడ్డ మీద సుద్దతో గీత గీస్తూ గీస్తూ పడిపోయాడు. భుజం దగ్గర మొదలైన గీత గుడ్డ దాటి, బల్ల దాటి, నేల మీదకి వచ్చేసింది. "స్టూలు కాలు జారింది," అన్నాడు. స్టూలు నాలుగు కాళ్ళూ ఇప్పటికీ పదిలంగానే ఉన్నాయి.

ఆయన్ని చూస్తే కొలతలమ్మకి ఒక్కోసారి పాత మాస్టారు కళ్ళలో మెదులుతాడు. మెడలో పామంత టేపు, చెవి మీద సుద్ద, నోట్లో నాలుగు గుండుసూదులు, వాటి సందుల్లోంచి పాట. అప్పట్లో వీధిలో ఐదు కుట్టు దుకాణాలుండేవి. సాయంత్రమైతే ఐదు దుకాణాల మిషన్ల చప్పుడూ కలిసి వాన పడుతున్నట్టుండేది. బళ్ళు తెరిచే ముందు నెలంతా యూనిఫారాలు, పెళ్ళిళ్ళ నెలలో కోట్లు. ఆవిడ కాజాలు కుట్టడానికొచ్చింది ఆ దుకాణానికి. దస్తూరీ బాగుందని మాస్టారు పుస్తకం చేతికిచ్చాడు.

మొదటి వారమే ఆవిడ ఒక తప్పు పట్టుకుంది.

బ్యాంకు మేనేజరొకాయన వచ్చాడు. పొట్ట ముందు, ఆయన వెనక. మాస్టారు నడుముకి టేపు చుట్టి, "నలభై రెండు!" అని పాడినట్టు చెప్పాడు. ఆవిడ తల తిప్పి చూస్తే టేపు మీద మాస్టారి బొటనవేలు నలభై నాలుగు దగ్గరుంది. ఆయన వెళ్ళిపోయాక అడిగింది.

"మీకు చూపు తేడాగా ఉందాండీ?"

"చూపు కాదు, మనసు. నడుము కొలత పైకి చెప్పేటప్పుడు ఎప్పుడూ రెండంగుళాలు తగ్గించి చెప్పాలి. వచ్చినవాడు నవ్వు మొహంతో ఇంటికెళ్ళాలి. రాసేవాళ్ళు రెండు కలుపుకుని రాయాలి. ప్యాంటు సరిపోవాలిగా మరి!"

అదీ ఆ దుకాణం పద్ధతి. ఆయన తగ్గిస్తాడు, ఆవిడ కలుపుతుంది. ముప్ఫై నాలుగేళ్ళలో ఆ మాట మళ్ళీ ఎత్తింది లేదు. వీధిలో సగం మంది తమ నడుము తమకున్నదానికంటే రెండంగుళాలు సన్నమనుకుంటూనే ముసలివాళ్ళయ్యారు. ఒక్కరి ప్యాంటూ బిగుతుగా రాలేదు. కొలతల్లో తేడా ఉన్నా కలతలు రాని దుకాణం అది.

"వాళ్ళు నిజంగానే పోతున్నారా?" అన్నాడు మాస్టారు కళ్ళు తెరవకుండా.

"జిప్పు పడితే పోతారు."

"జిప్పు ఊడితే చెప్పు, నేను కుట్టను."

ఫోను మోగింది. శనివారం పది గంటలకి ఆస్పత్రి నుంచి వచ్చే ఫోను. ఆపరేషన్లయి ఇళ్ళకెళ్ళినవాళ్ళ బాగోగులు కనుక్కోవడమే పనిగా అక్కడొక నర్సమ్మ ఉంది. మాస్టారు ఆవిడకి 'హలో నర్సమ్మ' అని పేరు పెట్టాడు. కొలతలమ్మ ఫోను స్పీకరు మీద పెట్టి, పుస్తకం విప్పి, ఆ వారం అంకెలు చదివింది. నూట నలభై ఆరు. నూట యాభై. నూట నలభై ఎనిమిది.

అవతల నిట్టూర్పు.

"నాలుగు మాత్రల మీదా ఇంతేనా అమ్మా! సరే, గురువారం తప్పదు మరి. వచ్చేటప్పుడు మీ బీపీ మిషను కూడా తెండి. మా మిషనుతో ఓసారి సరిచూస్తాం."

ఆవిడ పెట్టేసింది. ఆస్పత్రి సంచీలో మిషను సర్దడానికి కోడలొచ్చింది. బ్యాటరీలున్నాయో లేవోనని బటను నొక్కింది. ఏ బటను నొక్కిందో ఏమో, అంకె ఒకటి వెలిగింది. మళ్ళీ నొక్కింది. ఇంకో అంకె. కింద తేదీ, టైము.

"ఇందులో పాతవన్నీ దాచుకుని ఉన్నాయి," అంది. పుస్తకం తనవైపు లాక్కుంది. వేలు పెట్టి చూసింది. మిషను చూసింది. పుస్తకం చూసింది.

"మావయ్యా!"

ఎనిమిది నెలల తర్వాత ఆ గొంతు బయటికొచ్చింది. కిటికీ అద్దాలు ఘల్లుమన్నాయి. కొడుకు లోపల్నుంచి పరిగెత్తుకొచ్చాడు.

"ఏంటే ఆ అరుపు? నాన్నకి బీపీ..."

"బీపీ లేదు మీ నాన్నకి! ఇటు చూడండి. నిన్న పొద్దున పుస్తకంలో నూట నలభై ఎనిమిది. మిషన్లో తొంభై ఎనిమిది! మొన్న పుస్తకంలో నూట యాభై, మిషన్లో నూటొకటి! అంతకుముందు రోజు..."

"మిషను పాడైందేమో."

"పాడైతే ఆస్పత్రిలో కూడా ఎప్పుడు చూసినా తక్కువే ఎందుకొస్తుందండీ? మిషను మాట వినకుండా, మనల్ని మనమే అనుమానించుకున్నాం!"

కొడుకు తండ్రి వైపు తిరిగాడు. "నాన్నా, నువ్వేం చెబుతున్నావు అమ్మకి?"

"తొంభై ఎనిమిదంటే తొంభై ఎనిమిదనే చెప్పాను," అన్నాడు మాస్టారు. కళ్ళు తెరిచాడు. "మిషన్లో ఏముంటే అదే."

ముగ్గురూ కొలతలమ్మ వైపు చూశారు.

ఆవిడ పుస్తకం వైపు చూసింది. ముత్యాల్లాంటి దస్తూరీ. ఒక్క కొట్టివేత లేదు.

"అమ్మా?"

"కలిపాను," అంది.

"ఏం కలిపావు?"

"ఆయన తగ్గించి చెబుతున్నారుగా, నేను కలిపాను."

గదిలో ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. ఒక్క మాస్టారికి తప్ప. ఆయన కుర్చీలో మెల్లిగా ముందుకి వంగాడు.

"నేను తగ్గించానా?"

"తగ్గించలేదూ? ఆస్పత్రి నుంచొచ్చిన మొదటి వారం. మంచినీళ్ళు తెచ్చి మీ వెనకనుంచి చూశాను. మిషన్లో నూట నలభై ఉంది. మీరు నూట ఇరవై అన్నారు. బ్యాంకు మేనేజరుకి చెప్పినట్టే పాడుతూ చెప్పారు. నేను కంగారు పడకూడదని చెబుతున్నారు, పోనీలే అనుకున్నాను. మీ పరువు ఎందుకు తియ్యాలని ఆ తర్వాత మిషను వంక చూడనే లేదు. ఇరవై కలుపుకుని రాశాను."

"ఇరవై కదా? మరి నిన్న యాభై ఉందేమిటి?"

"మీ మొహం చూసి."

"నా మొహమేమైంది?"

"రోజురోజుకీ పాలిపోతోంది! మెట్లెక్కలేరు. సూదిలో దారం ఎక్కించలేరు. ఇలా ఉన్న మనిషి నూట పది, నూట ఐదు అంటుంటే ఎలా నమ్మను? రోగం ఎక్కువయ్యేకొద్దీ ఎక్కువ దాస్తున్నారనుకున్నాను. మీరు ఎంత నీరసంగా ఉంటే నేను అంత కలిపాను."

"మీరు కలిపినకొద్దీ డాక్టరు మాత్ర కలిపాడు," అంది కోడలు. గొంతు మళ్ళీ గుసగుసలోకి దిగింది. "మాత్ర కలిపినకొద్దీ మావయ్య ఇంకా నీరసపడ్డారు."

లిఫ్టు మెకానిక్కు నేల మీద కూలబడ్డాడు. నాలుగు మాత్రలు. నిన్న పడటం. గురువారం.

మాస్టారు మాత్రం మాత్రల గురించి అడగలేదు.

"మొదటి నెల తగ్గించాను. నిజమే. ఆ తర్వాత చెకప్పుకెళ్ళినప్పుడు డాక్టరు ఈ పుస్తకం పట్టుకుని, 'మాస్టారూ, మీ లోపల ఏం జరుగుతోందో నాకు కనపడేది దీంట్లోనే' అన్నాడు. సిగ్గేసింది. ఆ రోజునుంచి ఒక్క అంకె మార్చలేదు. ఒక్కటంటే ఒక్కటి."

"ఆ మాట నాకెందుకు చెప్పలేదు?"

"ఏమని చెప్పను? 'ఒసేవ్, నిన్నటిదాకా అబద్ధం చెప్పాను, ఇవాళ్టినుంచి నిజం చెబుతా' అనా? నువ్వెందుకు చెప్పలేదు, కలుపుతున్నానని?"

"ముప్ఫై నాలుగేళ్ళలో ఎప్పుడైనా చెప్పానా?"

మాస్టారు కిటికీలోంచి వీధిలోకి చూశాడు. ఐదు దుకాణాల వీధి. ఇప్పుడు చప్పుడు చేసేది ఏదీ లేదు.

"ఎనిమిది నెలలు," అన్నాడు. "రోజుకి రెండుసార్లు. నేను నోరు తెరిచిన ప్రతిసారీ అబద్ధమనుకున్నావన్నమాట."

"అబద్ధమనుకోలేదండీ. ప్రేమనుకున్నాను."

కొడుకు మొహం పక్కకి తిప్పుకున్నాడు. కోడలు ముక్కు ఎగబీల్చింది, ఆ గదిలో గట్టిగా వినపడిన చప్పుడు అదొక్కటే. కొలతలమ్మ మాస్టారి చెయ్యి పట్టుకోబోతే, ఆయన ఆ చేత్తో కళ్ళజోడు సర్దుకున్నాడు.

* * *

కొడుకే తేరుకుని ఆస్పత్రికి ఫోను కలిపాడు. స్పీకరు మీద పెట్టాడు. హలో నర్సమ్మ మొత్తం విని, "ఒక్క నిమిషం ఆగండి బాబూ. ఏ అంకెలు నిజం, ఏవి కావు? ఎవరు మార్చారు?" అంది.

కొలతలమ్మ నోరు తెరిచేలోపే మాస్టారు ఫోను అందుకున్నాడు.

"నేనే నర్సమ్మగారూ. తప్పంతా నాదే. అంకెలు నేనే తప్పు చెప్పాను. పాపం, మా ఆవిడ నేను చెప్పింది చెప్పినట్టే రాసింది."

అలిగిన మనిషి. చెయ్యి కూడా పట్టుకోనివ్వని మనిషి. పరాయివాళ్ళ ముందు పెళ్ళాం మీద మాట పడనివ్వడు.

"మీరు తప్పు చెప్పుంటే," అంది అవతల నర్సమ్మ, "మిషనూ నమ్మలేం, మీ మాటా నమ్మలేం మాస్టారూ. అలాంటప్పుడు గురువారం డేటు మార్చడానికి డాక్టరుగారు ఒప్పుకోరు."

కొలతలమ్మ ఒక్క అంగలో వెళ్ళి ఆయన చేతిలోంచి ఫోను లాక్కుని, స్పీకరు కట్టేసి చెవికి ఆనించుకుంది. ముప్ఫై నాలుగేళ్ళలో ఆయన మాట మధ్యలో ఆవిడ అడ్డు రావడం అదే మొదలు.

"ఆయన మాట రాసుకోకండమ్మా! ఆయన చెప్పిందంతా నిజం, నేను రాసిందంతా తప్పు. ఆయన తగ్గిస్తున్నారనుకుని నేను కలిపాను. మొదట ఇరవై, తర్వాత ముప్ఫై, ఇప్పుడు యాభై. నా చేత్తోనే. ఇంకెప్పుడూ ఒక్క అంకె కలపను. మీ కాళ్ళకి దణ్ణం పెడతాను, ఆయన్ని మళ్ళీ కొయ్యకండి."

"లైన్లోనే ఉండండమ్మా," అంది నర్సమ్మ. ఏవో అడుగులు. ఎవరివో మాటలు. తర్వాత మగ గొంతు. సర్జనుగారు.

"అమ్మా, విన్నాను. మిషన్లో ఉన్నవే నిజమైతే గురువారం ఆపరేషను అక్కర్లేదు. మాత్రలు తగ్గిస్తే చాలు. కానీ వట్టి మిషను మాట మీద నేనా పని చెయ్యలేను. తొంభై ఎనిమిదితో తిరిగే మనిషికి లేచి నిలబడితే తల తిరగాలి, కళ్ళు బైర్లు కమ్మాలి. అలా ఉందంటే, మీ మిషను నిజం చెబుతున్నట్టే. వెంటనే తీసుకురండి. లేదంటే మాత్రం మిషను తప్పు, గురువారం తప్పదు. ఇప్పుడే ఆయన్ని నిలబెట్టి అడగండి. ఆయనేమంటే అదే నాకు చెప్పండి. మీ సొంతంగా ఏమీ కలపకండి."

"కలపనండీ," అంది కొలతలమ్మ.

ఆయన వైపు తిరిగింది. ఆయన అప్పటికే లేచాడు. సర్జనుగారి మాటలు ఆయనకి వినపడలేదు; బాగున్నానంటే ఆపరేషను తప్పుతుందనుకున్నాడు కాబోలు. నవ్వు మొహం పెట్టుకుని, భుజాలు వెనక్కి విరిచి, కొత్త కోటు వేసుకుని అద్దం ముందు నిలబడ్డ పెళ్ళికొడుకులా నిలబడ్డాడు.

"ఏవండీ, తల తిరుగుతోందా? కళ్ళు బైర్లు కమ్ముతున్నాయా?"

"నాకేం! శుభ్రంగా ఉన్నాను. రాయిలా ఉన్నానని చెప్పు," అన్నాడు మాస్టారు.

బల్ల అంచు పట్టుకున్న ఆయన వేళ్ళు తెల్లగా పాలిపోయి ఉన్నాయి.

కొడుకు ఆవిడ వైపే చూస్తున్నాడు. కోడలూ చూస్తోంది. ఆయన కూడా చూస్తున్నాడు, ఈసారైనా నమ్ముతావా అన్నట్టు.

ఫోనులోంచి సర్జనుగారి గొంతు మళ్ళీ వినపడింది.

"ఏమంటున్నారమ్మా?"